అణుబాంబు పనిలో యూనిఫారం వేసుకున్న కుర్ర ఇంజినీర్లు: వాళ్లు ఏం చేశారు, ఎలా బతికారు?

మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నానని, రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా అణుబాంబు తయారుచేసిన మన్‌హట్టన్ ప్రాజెక్టు గురించి ఏది చదివినా ఓపెన్‌హైమర్, ఫెర్మీ వంటి పెద్దవాళ్లే కనిపిస్తారని, అక్కడ ఇరవై, ఇరవై రెండేళ్ల సైనిక ఇంజినీర్లు కూడా పనిచేశారని ఈమధ్యే తెలిసిందని రాశారు. వాళ్లు ఏ పని చేసేవారు, ఎలా బతికేవారు, తయారవుతున్నది బాంబు అని వాళ్లకు తెలుసా, ఇంట్లోవాళ్లకు ఏం చెప్పుకొనేవారు అన్నవి మీ ప్రశ్నలు.

సూటిగా చెప్పాలంటే, శాస్త్రవేత్తలు కాగితం మీద వేసిన ప్రతి ఆలోచననూ చేత్తో చేసి చూపించింది వాళ్లే. పోతపోయడం, కోయడం, తీగలు కలపడం, గాజు ఊదడం, కార్డుల యంత్రాల మీద లెక్కలు కట్టడం వాళ్ల పని. సగం రోజు సిపాయి బతుకు, సగం రోజు ప్రయోగశాల బతుకు. ఏం తయారవుతోందో చాలామందికి అధికారికంగా చెప్పలేదు. కొందరు ఊహించారు, కొందరికి పైవాళ్లు పూనుకొని చెప్పించారు. నా అనుభవంలో అన్నిటికన్నా పెద్ద తేడా తెచ్చేది ఆ చెప్పడమే, అందుకే ఈ సమాధానంలో దానికి ప్రత్యేకంగా చోటిస్తాను.

ఇది చెప్పడానికి నాకున్న అర్హత కూడా రాయాలి. నేను ఇరవై ఆరేళ్లు పేలుడు పదార్థాల కాస్టింగ్, మెషినింగ్ పనిలో ఉన్నాను. అందులో మొదటి ఎనిమిదేళ్లు సైన్యం యూనిఫారంలో, డిప్యుటేషన్ మీద ఒక రక్షణ ప్రయోగశాలలో గడిచాయి. యుద్ధకాలపు పని నేను చేయలేదు, అణ్వాయుధాల పని అసలే చేయలేదు. అయినా బాంబును రూపొందించిన లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఆ కుర్రవాళ్లు చేసిన పని వివరాలు మొదటిసారి చదివినప్పుడు, ఆ పాత్రలు, ఆ మౌల్డులు, ఆ భయం అన్నీ నాకు బాగా తెలిసినవే అనిపించాయి.

మీరు చదివిన ఆ దళం పేరు స్పెషల్ ఇంజినీర్ డిటాచ్‌మెంట్, పొట్టిగా ఎస్.ఇ.డి. 1943లో ఏర్పడింది. యువకులందరినీ నిర్బంధంగా సైన్యంలో చేర్చుకుంటున్న రోజుల్లో, ఇంజినీరింగ్, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం చదివినవాళ్లు, నైపుణ్యం ఉన్న మెషినిస్టులు తుపాకులు పట్టుకొని వెళ్లిపోతే ప్రాజెక్టుకు మనుషులు దొరకని పరిస్థితి వచ్చింది. సైన్యంలో చేరినవాళ్లలోనుంచే అటువంటివాళ్లను ఏరి ఇటు మళ్లించారు. కాలేజీల్లో సైనికులకు సాంకేతిక విద్య నేర్పే ఒక సైనిక శిక్షణ పథకం కూడా అప్పట్లో ఉండేది. 1944 మొదట్లో దాన్ని బాగా కుదించేసినప్పుడు, అందులోని చాలామంది పదాతిదళానికి వెళ్లారు, కొందరు ఈ దళంలోకి వచ్చారు. లాస్ అలమోస్‌లో 1943 చివరికి సుమారు 475 మంది ఉన్న ఈ దళం యుద్ధం ముగిసేనాటికి 1,800 దాకా పెరిగింది. టెనసీలో ఇదే ప్రాజెక్టు పని జరిగిన ఓక్ రిడ్జ్‌లోనూ, మరికొన్ని చోట్లా ఈ దళంవాళ్లు ఇంకొందరు ఉండేవారు.

వాళ్లకు అందే ఆర్డరులో చేరవలసిన చోటు మాత్రం ఉండేది, చేయబోయే పని ఉండేది కాదు. న్యూమెక్సికోలో లామీ అనే చిన్న రైల్వే స్టేషన్‌లో దిగి, సాంటా ఫే ఊళ్లో ఒక పాత వీధిలోని మామూలు ఆఫీసు గుమ్మం దాటి, అక్కడినుంచి కొండదారిన సముద్రమట్టానికి 7,300 అడుగుల ఎత్తున ఉన్న మైదానానికి, అంటే లాస్ అలమోస్‌కు చేరేవారు. అంతకుముందు అది మగపిల్లల బడి. బయటి ప్రపంచానికి ఆ చోటు సాంటా ఫేలోని పోస్ట్ బాక్స్ 1663 మాత్రమే. అక్కడ పుట్టిన పసిపిల్లల జనన ధ్రువపత్రాల్లో కూడా జన్మస్థలంగా ఆ పోస్ట్ బాక్సే ఉండేది.

ఇద్దరు యజమానుల కొలువు. వాళ్ల రోజువారీ జీవితంలో అసలు ఇబ్బంది ఇదే. పనిలో వాళ్లు ఒక శాస్త్రవేత్తకు జవాబుదారులు, మంచం దగ్గర ఒక సార్జెంటుకు జవాబుదారులు. రాత్రి చాలా పొద్దుపోయేదాకా ప్రయోగశాలలో ఉన్నవాడు తెల్లవారుజామున లేచి వ్యాయామానికి వరుసలో నిలబడాలి, మంచం దుప్పటి ముడతలు లేకుండా ఉందా అని తనిఖీకి సిద్ధంగా ఉండాలి. పేలుడు పదార్థాల విభాగానికి అధిపతి అయిన జార్జ్ కిస్టియాకోవ్‌స్కీ ఈ కుర్రవాళ్ల తరఫున గట్టిగా పట్టుబట్టినవారిలో ఒకరు. నిద్రలేని మనిషిని పేలుడు పదార్థం ముందు నిలబెట్టకూడదన్నది ఆ పని తెలిసినవాడికి వేరే చెప్పనక్కరలేదు. 1944 వేసవి తర్వాత దళానికి కొత్త కమాండర్ వచ్చాక ఆ ఒత్తిడి చాలావరకు సడలింది.

జీతాల సంగతీ బాధించేదే. ఆ రోజుల్లో అమెరికా సైన్యంలో మామూలు సిపాయికి నెలకు 50 డాలర్లు. పక్క బల్ల దగ్గర అదే పని చేస్తున్న పౌర ఉద్యోగికి అంతకు ఎన్నో రెట్లు వచ్చేది. పట్టభద్రులైనా వీళ్లను ఆఫీసర్లను చేయలేదు. కార్పొరల్, సార్జెంట్ స్థాయి టెక్నీషియన్ హోదాలతోనే సరిపెట్టారు. పెళ్లయినవాళ్లకు కొండ మీద కాపురానికి ఇల్లు ఇవ్వలేదు కాబట్టి, భార్యలు వస్తే ఏ ఆల్బుకర్కీలోనో గది తీసుకొని ఉండేవారు, భర్త సెలవురోజున కొండదిగి వెళ్లి చూసివచ్చేవాడు. అదే కొండ మీద శాస్త్రవేత్తలు కుటుంబాలతో ఉండేవారు. ఎనిమిదేళ్లు యూనిఫారంలో ఉన్న నాకు క్రమశిక్షణ మీద గౌరవం ఉంది, కానీ ఈ తేడాను మాత్రం నేను సమర్థించలేను.

ఇక పని. మీరు మెకానికల్ విద్యార్థి కాబట్టి ఇక్కడ కొంచెం నిలుస్తాను.

1944 వేసవి నాటికి ఒక పెద్ద అడ్డంకి బయటపడింది. రియాక్టర్లలో తయారైన ప్లుటోనియంలో దానంతటదే విచ్ఛిత్తి చెందే ఒక ఐసోటోప్ ఎక్కువగా ఉండడం వల్ల, ఒక ముక్కను ఫిరంగి గొట్టంలోంచి ఇంకో ముక్క మీదికి పేల్చే పద్ధతి దానికి పనికిరాదని తేలింది. మిగిలిన దారి ఒక్కటే: ప్లుటోనియం గోళం చుట్టూ పేలుడు పదార్థం పేర్చి, అన్ని వైపులనుంచీ ఒకేసారి లోపలికి నొక్కడం. దాంతో ఆగస్టులో ప్రయోగశాలనే తిరిగి వ్యవస్థీకరించారు. ఆ నొక్కడానికి కావలసిన పేలుడు పదార్థపు దిమ్మల తయారీకి ఉన్నపళంగా వందలమంది కావలసి వచ్చింది. ఎస్.ఇ.డి. కుర్రవాళ్లు పెద్దసంఖ్యలో ఆ పోతపని షెడ్లలోకి వెళ్లింది అప్పుడే.

సమస్య ఎంత సున్నితమైనదో చెబుతాను. ఒక బిందువు దగ్గర అంటించిన పేలుడు, చెరువులో రాయి వేసినప్పటి అలలాగా బయటికి విచ్చుకుంటూ పోతుంది. వాళ్లకు కావలసింది తద్విరుద్ధం, అంటే లోపలికి ముడుచుకుంటూ వచ్చే గోళాకారపు అల. అందుకోసం రెండు రకాల పేలుడు పదార్థాలను ఒకే దిమ్మలో ఇమిడ్చారు. ఒకటి కాంపొజిషన్ బి, అందులో పేలుడు అల సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగంతో పోతుంది. రెండోది బారటోల్, అందులో ఆ వేగం 5 కిలోమీటర్లకు కొంచెం తక్కువ. గాజు కటకం వెలుగును వంచినట్టు ఈ జత పేలుడు అలను వంచుతుంది, అందుకే దాన్ని లెన్స్ అన్నారు. ఫుట్‌బాల్ మీద అతుకుల్లాగా 20 షట్కోణాలు, 12 పంచకోణాలు, మొత్తం 32 లెన్సులు. అన్నిటినీ సెకనులో పదిలక్షలవంతు కన్నా తక్కువ తేడాతో అంటించాలి, అన్నీ ఒక్కలాగే కాలాలి.

ఇప్పుడు షెడ్డులోకి రండి. ఈ రెండు పదార్థాలకూ ఆధారం టి.ఎన్.టి. అనే పేలుడు పదార్థం. అది సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది కాబట్టి ఆవిరి తొడుగు ఉన్న పాత్రలో కరిగిస్తాం. కాంపొజిషన్ బి కోసం దానిలో కలిపే ఆర్.డి.ఎక్స్. అనే ఇంకో పేలుడు పదార్థపు పలుకులు గానీ, బారటోల్‌లో కలిపే బేరియం నైట్రేట్ గానీ ఆ వేడికి కరగవు. గరిటెతో ఎత్తితే పల్చటి సంకటిలా ఉంటుంది. కలపడం ఆపితే బరువైన పలుకులు అడుగుకు దిగిపోతాయి. మౌల్డులో పోసిన తర్వాత అంచులు ముందు గడ్డకడతాయి, నడుమ భాగం ఆలస్యంగా గడ్డకడుతూ కుంచించుకుపోతుంది, అక్కడ గుల్ల ఏర్పడుతుంది. బయటినుంచి చూస్తే దిమ్మ నున్నగా, నిండుగా ఉంటుంది. ఎక్స్‌రే ఫిల్మును లైటు పెట్టె మీద పరిచినప్పుడు మాత్రం ఆ గుల్ల కందిగింజంత నల్లటి మచ్చగా కనిపిస్తుంది. అల ఆ మచ్చ దగ్గరికి వచ్చేసరికి లయ తప్పుతుంది, లోపల గోళం ఒకవైపు సొట్టపోతుంది.

ఈ పనికి అప్పటికి పుస్తకం లేదు. ఎంత వేడిదాకా పోనివ్వాలి, ఎంతసేపు కలపాలి, మౌల్డును ఏ వైపునుంచి ముందు చల్లార్చాలి అన్నవన్నీ ఆ కుర్రవాళ్లు పోసి, ఫిల్ము చూసి, పారేసి, మళ్లీ పోసి నేర్చుకున్నారు. పనికివచ్చినవి వేల సంఖ్యలో ఉంటే, పారేసినవి అంతకన్నా ఎక్కువ. 1945 జూలైలో మొదటి బాంబు పరీక్షకు వారం ముందు కూడా మంచి దిమ్మలు చాలలేదు. అప్పుడు కిస్టియాకోవ్‌స్కీ, ఎవరూ చేసి ఎరుగని ఆ పనికి ఇంకొకరిని పంపడం ఇష్టంలేక, దంతవైద్యులు వాడే డ్రిల్లు తీసుకొని స్వయంగా కూర్చొని, ఎక్స్‌రే ఫిల్ము ఆధారంగా దిమ్మల్లోని గుల్లలదాకా రంధ్రాలు చేసి, కరిగిన పేలుడు పదార్థంతో వాటిని పూడ్చారు. ఒక రాత్రి చాలాభాగం ఆ పనిలోనే గడిపారు. నా హయాంలో ఎవరైనా ఆ పని చేస్తానంటే నేను సంతకం పెట్టేవాణ్ణి కాను. కానీ కింది కుర్రవాళ్ల చేత చేయించకుండా తానే చేసిన ఆ మనిషి మీద నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేనిది.

తెలిసి చేయడం, తెలియక చేయడం. ఇది మీ మూడో ప్రశ్న. ప్రాజెక్టు అధిపతి జనరల్ గ్రోవ్స్ నియమం ప్రకారం, ఎవరి పనికి ఎంత అవసరమో అంతే వాళ్లకు తెలియాలి. లాస్ అలమోస్‌లో ప్రయోగశాల డైరెక్టరు ఓపెన్‌హైమర్ పట్టుబట్టి శాస్త్రవేత్తల మధ్య ఆ గోడను చాలావరకు తొలగించారు. తెల్ల బ్యాడ్జి ఉన్నవాళ్లు వారం వారం జరిగే గోష్ఠిలో కూర్చుని అన్నీ వినవచ్చు. కింది స్థాయి సిపాయి ఇంజినీర్లలో చాలామంది ఆ తలుపుకు బయటే ఉన్నారు.

దీని ఫలితం ఎలా ఉంటుందో లెక్కల విభాగం చూపిస్తుంది. హైస్కూలు పూర్తిచేసిన, ఇంజినీరింగ్ మీద చురుకు ఉన్న కుర్రవాళ్లను సైన్యం ఏరి పంపింది. రంధ్రాలు పొడిచిన కార్డులు ఐ.బి.ఎం. యంత్రాల్లో పెట్టి అంకెలు కట్టడం వాళ్ల పని. ఆ అంకెలేమిటో ఎవరూ చెప్పలేదు, పని నత్తనడక నడిచింది. అప్పటికి పాతికేళ్లు దాటిన భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్, వీళ్లకు విషయం చెప్పితీరాలని ఓపెన్‌హైమర్‌ను అడిగారు, భద్రతాధికారుల అనుమతి వచ్చింది, ఆయనే నిలబడి వాళ్లకు మొత్తం వివరించారు. ఆ తర్వాత వాళ్లంతట వాళ్లే రాత్రిళ్లు పనిచేశారు, కొత్త పద్ధతులు కనిపెట్టారు. ఫైన్‌మన్ తర్వాత చెప్పిన లెక్క ప్రకారం, అంతకుముందు తొమ్మిది నెలల్లో మూడు సమస్యలు తేలితే, ఆ తర్వాత మూడు నెలల్లో తొమ్మిది తేలాయి.

నేను దీన్ని నూటికి నూరుపాళ్లు నమ్ముతాను, ఎందుకంటే నా కళ్లముందు జరిగింది. ఉద్యోగంలో మొదటి రెండేళ్లు మాకు ఇచ్చిన డ్రాయింగుల్లో కొలతలు ఉండేవి, వస్తువు పేరు ఉండవలసిన గడి ఖాళీగా ఉండేది. ఒక దిమ్మలో ఫలానా భాగం సాంద్రత మీద ఎందుకంత పట్టింపో తెలియక, మా షెడ్డులో పని చూసుకునే చార్జ్‌మన్‌లూ నేనూ అంగీకరించడం, తిరస్కరించడం యాంత్రికంగా చేసేవాళ్లం. తిరస్కరించినవి గుట్టపడేవి. ఒకరోజు మా సీనియర్ ఒకాయన తలుపు వేయించి, పలక మీద సుద్దముక్కతో అడ్డుకోత బొమ్మ వేసి, అల ఎక్కడ మొదలై ఎటు పోతుందో గీసి చూపించారు. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ మరుసటి వారమే మాలో అందరికన్నా తక్కువ చదువుకున్న కార్మికుడు, మౌల్డు అడుగున ముందు చల్లటినీళ్లు తిప్పి పైభాగాన్ని వేడిగా ఉంచితే గుల్ల పైకి వచ్చేస్తుందని, దాన్ని కోసి పారేయవచ్చని చెప్పాడు. చేశాం, పనిచేసింది. ఆ మాట అతను రెండేళ్ల ముందు ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు, నాకు తెలుసు.

రహస్యం అక్కరలేదని నేను అనడంలేదు. మా గుమ్మాల మీద లోపల ఎంతమంది ఉండవచ్చో, ఎంత పేలుడు పదార్థం ఉండవచ్చో రాసిన బోర్డు ఉంటుంది. అలాగే ప్రతి విషయానికీ ఒక హద్దు ఉండాలి. అయితే లాస్ అలమోస్ విషయంలో ఒక చేదు నిజం ఉంది. ఆ గోడలు నిజాయితీపరులైన కుర్రవాళ్లను చీకట్లో ఉంచాయి గానీ, గూఢచారులను ఆపలేకపోయాయి. లెన్స్ మౌల్డుల బొమ్మలు గీసి బయటికి చేరవేసిన డేవిడ్ గ్రీన్‌గ్లాస్ ఎస్.ఇ.డి. మెషినిస్టే. పద్దెనిమిదేళ్లకే అక్కడికి వచ్చి, తర్వాత యూనిఫారంలోకి మారిన థియోడోర్ హాల్ కూడా సోవియట్లకు సమాచారం అందించాడు. ఓక్ రిడ్జ్‌లో పనిచేసిన ఇదే దళంవాడు జార్జ్ కోవల్‌కు, అతను చనిపోయిన తర్వాత, 2007లో రష్యా తన అత్యున్నత పురస్కారం ఇచ్చింది.

పరీక్ష రోజు గురించి మీరు వేరేచోట చదివే ఉంటారు, కాబట్టి ఇద్దరు కుర్రవాళ్ల గురించే చెప్పి వదిలేస్తాను. 1945 జూలై 12న ప్లుటోనియం గోళం ఉన్న పెట్టెను పరీక్షా స్థలం దగ్గరి పాత రాంచ్ ఇంట్లోకి చేత్తో పట్టుకెళ్తున్న సార్జెంట్ ఫొటో ఒకటి ఉంది. అతని పేరు హెర్బర్ట్ లెర్. లోపలి లోహం బరువు సుమారు 6 కిలోలు; నాలుగు రోజుల తర్వాత, 16వ తేదీ తెల్లవారుజామున 5:29కి, అది 20,000 టన్నుల టి.ఎన్.టి.కి మించిన శక్తితో పేలింది. రెండోవాడు వాల్ ఫిచ్, నెబ్రాస్కాలో పశువుల రాంచ్ మీద పుట్టి పెరిగిన ఇరవై రెండేళ్ల సిపాయి. బ్రిటిష్ బృందానికి చెందిన ఎర్నెస్ట్ టిటర్టన్ కింద ఎలక్ట్రానిక్స్ పని నేర్చుకొని, పేలుడు స్థలానికి దాదాపు 9 కిలోమీటర్ల దూరంలోని కంట్రోలు బంకరు దగ్గర ఆ వెలుగు చూశాడు. ఆ కొండ మీద నేర్చిన కొలతల పనితోనే భౌతికశాస్త్రంలోకి వెళ్లి, 1980లో నోబెల్ బహుమతి పొందాడు. బేసిక్ కంప్యూటర్ భాషను సృష్టించినవారిలో ఒకరైన జాన్ కెమెనీ, 2005లో ఏబెల్ బహుమతి అందుకున్న గణితవేత్త పీటర్ లాక్స్ కూడా ఈ దళంలో కుర్ర సిపాయిలుగా పనిచేసినవారే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. జ్ఞాపకాలు ఎక్కువగా మిగిలింది ఇలా పెద్దవాళ్లైనవారివే. 1946లో యూనిఫారం విప్పి ఏ మెషిన్ షాపుకో, ఏ పెయింట్ల కంపెనీకో వెళ్లిపోయిన వందలమంది గురించి మనకు తెలిసేది తక్కువ. కాబట్టి ‘ఆ కొండ మీద గడిపిన రోజులు జీవితంలోకెల్లా ఉత్తమమైనవి’ అన్న ధోరణిలో ఎవరైనా రాస్తే, అందరి మాటగా తీసుకోకండి. చేసినదాని బరువు కూడా అందరూ ఒకేలా మోయలేదు. హిరోషిమాలో 1945 చివరికి సుమారు 1,40,000 మంది, నాగసాకిలో సుమారు 70,000 మంది చనిపోయారని అంచనా. నాగసాకి మీద పడినది ఆ లెన్సుల బాంబే. పసిఫిక్‌లో పోరాడుతున్న అన్నదమ్ములు ఇక బతికి వస్తారని సంతోషించినవారు ఉన్నారు, ఆ పనిలోకి మళ్లీ అడుగుపెట్టనివారూ ఉన్నారు. పేలుడు పదార్థంతో బతికిన నేను ఈ రెండు రకాలవారిలో ఎవరినీ తప్పుపట్టలేను.

ఇక ఇంటి సంగతి. ఉత్తరాలు సెన్సారు కాకుండా కొండ దాటేవి కావు. తాము ఎక్కడ ఉన్నదీ, ఎవరితో పనిచేస్తున్నదీ, పక్కన కనిపించే కొండల పేర్లు ఏమిటో కూడా రాయకూడదు. బాంబును లోపల సైతం ‘గాడ్జెట్’ అనే అనేవారు. అందువల్ల ఇంట్లోవాళ్లకు వాతావరణం, తిండి, సినిమా, ఆరోగ్యం మాత్రమే అందేవి. ఇది ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. మా అమ్మకు నేను ‘సర్కారు పని’ అని మాత్రమే చెప్పేవాణ్ణి. ఊళ్లో ఆమెను అడిగేవాళ్లకు ఆమె చెప్పగలిగిందీ అంతే, అందులో ఆమె ఎంత చిన్నబుచ్చుకునేదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఆ కుర్రవాళ్ల ఇళ్లలో ఆ మౌనం 1945 ఆగస్టు 6న తెగింది. హిరోషిమా మీద బాంబు వేశామని చెబుతూ అధ్యక్షుడు ట్రూమన్ విడుదల చేసిన ప్రకటనలో, ఈ పని జరిగిన చోట్లలో ఒకటి న్యూమెక్సికోలోని సాంటా ఫే దగ్గర ఉందన్న వాక్యం ఉంది. సాంటా ఫే పోస్ట్ బాక్సు చిరునామాతో ఏడాదిగానో, రెండేళ్లుగానో కొడుకు ఉత్తరాలు అందుకుంటున్న ఇళ్లకు ఆ ఒక్క ఊరిపేరు చాలు.